సున్నం కింద మేక

చింతల్‌బస్తీ పంపుహౌస్ గోడ మీద
ఒక మేక ఉండేది.
ఎవరు వేశారో తెలియదు.
రాత్రికి రాత్రి వచ్చి, పొద్దుటికల్లా
మూతి ముందుకు చాచి నిలబడింది.
పోస్టర్లు అంటించేవాళ్ళంతా
సరిగ్గా దాని నోటి దగ్గరే అంటించేవాళ్ళు:
కోచింగ్ సెంటర్లు, మొలలకు మందు,
లీడర్ల పుట్టినరోజులు.
అన్నీ తీరిగ్గా నములుతున్నట్టే ఉండేది.

ఎవరో పెద్దసారు ఆ దారిన వస్తున్నాడని
ఒక మంగళవారం గోడంతా తెల్లబడింది.
బుధవారం ఏడో తరగతి డ్రాయింగ్ పీరియడ్‌లో
ఎవరూ పెన్సిల్ ముట్టలేదు.

మిగిలింది ఒక్కటే ఫోటో.
నఫీసా వాళ్ళన్న బండి మీద పోతూ తీసింది,
సగం ఊగిపోయింది.
పెద్దది చేస్తే మేక చెదిరి గళ్ళు వచ్చాయి.
ఇంకా పెద్దది చేస్తే ఒట్టి గళ్ళే.
"ఇది మేక కాదు టీచర్, లెక్కల నోట్‌బుక్"
అన్నాడు యశ్వంత్.
నాకు అక్కడే దారి దొరికింది.

అడ్డం నలభై, నిలువు ముప్ఫై.
ఒక్కో గడి అగ్గిపెట్టె అంత.
ఇంట్లో ఏ కాగితం ఉంటే అది తెమ్మన్నాను.
పెళ్ళి కార్డుల ఎరుపు వచ్చింది,
మిఠాయి డబ్బాల పసుపు,
అగరొత్తుల ఊదా, చెప్పుల డబ్బా మట్టిరంగు.
యశ్వంత్ ఎన్నికల కరపత్రాల కట్ట మోసుకొచ్చాడు,
"ఇంటి నిండా ఇవే, ఎవ్వరడగరు" అని.
మేక తిన్న కాగితాలే మేకవుతున్నాయని
వెనక బెంచీ పడి పడి నవ్వింది.
మట్టిరంగులో పదకొండు రకాలుంటాయని
నలభై ఆరేళ్ళ నాకు
పన్నెండేళ్ళవాళ్ళు నేర్పారు.

కొమురేష్ ఒక్కడు తెలుపే కత్తిరించాడు.
పాత పరీక్ష పేపర్ల వెనకవైపు.
మూడు రోజులు.
కావలసినదానికంటే చాలా ఎక్కువ.
"తెలుపు చాల్లేరా" అంటే తలెత్తలేదు.
శుక్రవారం జిగురు గిన్నె కడుగుతూ
నల్లాతో చెప్పినట్టు చెప్పాడు:
"సున్నం కొట్టింది మా నాయిననే టీచర్."
నీళ్ళు పోతూనే ఉన్నాయి.
కట్టెయ్యడం ఇద్దరం మర్చిపోయాం.

మా గది మరీ చిన్నది.
వీపు గోడకానించి చూసినా మేక కుదరదు.
ఎరుపు పక్కన ఊదా,
ఊదా పక్కన ఏ పెళ్ళికొడుకుదో సగం ఇంటిపేరు.
కళ్ళు సగం మూసి చూడమంది అఖిల.
మూశాం. ఏదో కదిలింది,
మేక మాత్రం కాదు.

శనివారం దాన్ని డాబా మీంచి వేలాడదీసి
ముప్ఫై ఇద్దరం రోడ్డు దాటాం,
ఆటోలను ఆపి, తిట్లు తిని,
బస్‌స్టాపులో ఇటు తిరిగి నిలబడ్డాం.

అది అప్పటికే మమ్మల్ని చూస్తోంది,
అడ్డంగా పడుకున్న నల్లటి కంటిపాపతో.
ఏడో తరగతి అంత నిశ్శబ్దంగా ఉండడం
నేను పరీక్షల్లో కూడా చూడలేదు.
బస్సొకటి ఆగింది. ఎవరూ ఎక్కలేదు.
కండక్టరు తల బయటపెట్టి
"అరే, మల్లొచ్చిందా ఇది!" అన్నాడు.

సాయంత్రం ఎల్లేశం వచ్చాడు, డ్యూటీ దిగి,
గోళ్ళ అంచుల్లో ఇంకా తెల్లగా.
కొడుకు పక్కన కాకుండా
కొంచెం ఎడంగా నిలబడ్డాడు.
చాలాసేపటికి,
"కొమ్ము ఇంకింత వంకరుండె" అన్నాడు.
"ఎడమ చెవు లోపట సన్నగ నీలం గీత.
గడ్డం కింద ఒక చుక్క కారింది,
ఏసినాయన తుడ్వలే."

ఫోటోలో ఇవేవీ లేవు.
మేమంతా దాన్ని దాటిపోతూ చూసినవాళ్ళం.
ఈయన నిచ్చెనెక్కి
చెవి దగ్గర చెవి పెట్టి
మూడు పూతలు పూశాడు.

సోమవారం కొమ్ము సరిచేశాం.
నీలానికి ఏ కాగితమూ నచ్చలేదు,
ఒకటి మరీ ఆకాశం, ఇంకొకటి మరీ పోలీసు.
అప్పుడు కొమురేష్ జేబులోంచి
నాలుగు మడతల చిన్న పొట్లం కాగితం తీశాడు,
సున్నంలో కలిపే నీలిమందుది.
ఏడు గళ్ళు వచ్చాయి.
ఏడోది అతికించి
బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు,
గంట కొట్టినా, అందరూ పోయినా,
జిగురు ఎప్పుడో ఆరిపోయినా.